కాందిశీకుల అన్నము – రాజ్యముల అనుగ్రహము

(గ్రంథాలయ సంస్థాపకుల వార్షిక స్మారకోపన్యాస పాఠము)



ఎవరి పుణ్యస్మృత్యర్థము ప్రతివర్షము ఈ సభ జరుగుచున్నదో ఆ కీర్తిశేషులు జీవితాంతము బడిపంతులుగానే యుండి, తమ స్వల్పవేతనములో కొంత మిగిల్చి ఈ గ్రంథాలయమును నిలిపిన సంగతి మీలో పెద్దలెల్లరు ఎరిగినదే. వారు కూర్చిపెట్టిన వానిలో రాయలసీమ క్షామములకు సంబంధించిన కాగితముల కట్ట యొకటి కలదు. నేటి ప్రసంగమునకు విషయము నిర్ణయించుకొనక ముందు దానిని తిరుగవేయుట తటస్థించినది. తిరుగవేసిన పిమ్మట వేరొక విషయము నాకు తోచినది కాదు.

మన పెద్దలు ధాత కరువని చెప్పుకొను 1876–78 నాటి క్షామమున, బళ్ళారి, కర్నూలు, కడప మండలములలో జనులు కరువుపనులకై బారులు తీరియుండగా, రాజప్రతినిధి లిట్టను పంపగా వచ్చిన సర్ రిచర్డు టెంపులు, బొక్కసమునకు భారము తగ్గింపవలెనను పట్టుదలతో, కూలివాని దినభత్యమును ఒక పౌను ధాన్యమునకును స్వల్పమైన రొక్కమునకును కుదించెను. ఆ కొలత కష్టించు దేహమునకు చాలదని చెన్నరాజధాని ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిషు లెక్కలు చూపి వాదించి, కొన్ని మాసములకు గాని దానిని పెంపించలేకపోయెను. ధాన్యము లేకపోవుట దైవికమని యొప్పుకొన్నను, ఉన్న ధాన్యమును ఎవనికి ఎంత కొలువవలెనన్నది మాత్రము మనుష్యనిర్ణయము. ఆ నిర్ణయము వైద్యుని చేతినుండి కోశాధికారి చేతికి పోయినప్పుడు ఏమి జరుగునో ఆ కాగితములు చెప్పుచున్నవి. నేను నేడు మీ యెదుట విన్నవింప దలచినది ఇటువంటి నిర్ణయమునే గూర్చి. అయితే ఆ కొలపాత్ర మన దేశమునది కాదు. డెబ్బదియైదు సంవత్సరములకు పైగా పాలస్తీనా కాందిశీకుల గుడారముల ముందర నిలిచియున్నట్టిది.

1947 నవంబరు 29న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ పాలస్తీనాను రెండుగా విభజింప తీర్మానించినది. అంతకు పూర్వము సమితి నియమించిన విచారణసంఘములో మన దేశపక్షమున కూర్చున్న సర్ అబ్దుర్ రహమాను, ఇరాను, యుగోస్లావియాల ప్రతినిధులతో కూడి, విభజనకు మారుగా సమాఖ్యరాజ్యమును సూచించి యుండెను. సభలో భారతదేశము విభజనకు వ్యతిరేకముగా వోటు వేసినది. పిదప సంభవించిన యుద్ధమున సుమారు ఏడున్నర లక్షల అరబ్బులు ఇండ్లువాకిళ్ళు విడిచి పారిపోవలసి వచ్చినది. మధ్యవర్తిగా సమితి పంపిన కౌంటు బెర్నడాట్ 1948 సెప్టెంబరు 17న జెరూసలేములో హత్యకు గురియయ్యెను. ఆ యేడు డిసెంబరు 11న ఆమోదింపబడిన 194వ తీర్మానము, స్వగృహములకు మరలి పొరుగువారితో శాంతముగా జీవింపగోరు కాందిశీకులను అట్లు మరలనీయవలెననియు, మరలనొల్లని వారికి ఆస్తి పరిహారము చెల్లింపవలెననియు చెప్పినది. ఆ వాక్యమును అమలుపరచుటకు సామరస్యసంఘ మొకటి నియమితమైనది. ఆ సంఘము నేటికిని రద్దు కాలేదు. ప్రతివర్షమును సభకు క్లుప్తమైన నివేదిక యొకటి సమర్పించుచునే యున్నది, అందు నూతనముగా చెప్పదగినది మాత్రము ఏమియు నుండదు.

సరిగా ఆ కాలముననే మన దేశము కూడ చీలినది. కోటికి పైగా జనులు సరిహద్దులు దాటిరి. వారి దుఃఖము అల్పమైనది కాదు. కాని ఇటు వచ్చిన వారిని మావారని చెప్పుకొనుటకు ఒక రాజ్యము, అటు పోయిన వారిని మావారని చెప్పుకొనుటకు మరియొక రాజ్యము ఉండినవి. పాలస్తీనీయుని అట్లు చెప్పుకొను రాజ్యము లేదు. జోర్డాను తన భూమికి వచ్చిన వారిలో అధికసంఖ్యాకులకు పౌరసత్వ మిచ్చినది. లెబనాను మాత్రము నేటికిని అనేక వృత్తులను వారికి నిషేధించి యుంచినది. రాజ్యము చేయవలసిన పనిని ఎవరో యొకరు చేయక తప్పదు గనుక 1949 డిసెంబరు 8న 302వ తీర్మానముచే పాలస్తీనా కాందిశీకుల సహాయ, పనుల సంస్థ యేర్పడినది. అన్‌ర్వా అను పొట్టిపేరుతో లోకము దానిని ఎరుగును. అది 1950 మే 1న పని ప్రారంభించినది.

ఈ సంస్థ పుట్టుకలోనే రెండు లోపము లున్నవి. తరువాతి కథయంతయు ఆ రెంటినుండియే పెరిగినది. మొదటిది, దానిని తాత్కాలికముగా నిర్మించిరి. దాని యాయువును సర్వప్రతినిధి సభ కొన్నేండ్ల కొకసారి పొడిగించుచు రావలసినదే. రెండవది, దానికి స్థిరాదాయము లేదు. సమితి సభ్యరాజ్యములు విధిగా చెల్లించు చందానుండి ఈ సంస్థకు ముట్టునది, 1974 నాటి యేర్పాటు ప్రకారము, అంతర్జాతీయ ఉద్యోగుల జీతములు మాత్రమే. తక్కిన వ్యయమంతయు రాజ్యములు స్వేచ్ఛగా ఇచ్చు విరాళములపై ఆధారపడి యున్నది.

అట్టి నడుమంత్రపు సంస్థ, గుడారములు, పిండి, పాలపొడి పంచుటతో మొదలిడి, క్రమముగా ఒక ప్రభుత్వమునకు తగిన బాధ్యతలను తలకెత్తుకొన్నది. టెన్నెసీ లోయ అధికారసంస్థకు అధ్యక్షుడైన గోర్డను క్లాపు నాయకత్వమున వచ్చిన పరిశీలకులు, కాందిశీకులకు పనులు కల్పించి చుట్టుపట్ల దేశములలో నిలద్రొక్కుకొనునట్లు చేయవచ్చునని తలచిరి. ఆ పథకములు ఫలింపలేదు. తమ స్వస్థల హక్కునకు వెలకట్టుచున్నారని కాందిశీకులు శంకించిరి. పనులు వెనుకబడగా బడులు ముందుకు వచ్చినవి. 1953లో కలందియాలో వృత్తివిద్యాకేంద్రము, 1962లో రమల్లాలో స్త్రీల శిక్షణకేంద్రము వెలసినవి. నేడు జోర్డాను, లెబనాను, సిరియా, పశ్చిమ తీరము, గాజా అను ఐదు క్షేత్రములలో 58 శిబిరములు, నమోదైన కాందిశీకులు సుమారు 59 లక్షలు. ఇటీవలి యుద్ధమునకు పూర్వము ఏడువందల పాఠశాలలలో ఐదు లక్షలకు పైగా బాలబాలికలు చదువుచుండిరి. ఉద్యోగులు ముప్పది వేలు. వారిలో అత్యధికులు తామును కాందిశీకులే. పాఠము చెప్పు ఉపాధ్యాయిని, టీకా వేయు దాది, చెత్త యెత్తు పారిశుధ్య కార్మికుడు అందరును ఆ శిబిరపు బిడ్డలే.

ఇక ఈ సంస్థకు రాజకీయముగా కలిగిన ఆపదలను విచారింతము. అవి మూడు త్రోవల వచ్చినవి: ధనమును ఎండించుట, ద్వారమును మూయుట, నామమును తుడుచుట.

మొదట ధనము. చిరకాలము ఈ సంస్థకు అగ్రదాత అమెరికా సంయుక్త రాష్ట్రములు. 2017లో ఆ దేశము సుమారు 36 కోట్ల డాలర్ల నిచ్చినది. జెరూసలేమును ఇజ్రాయేలు రాజధానిగా గుర్తించిన కొలది వారములకు, 2018 జనవరిలో, తాము ఇంత ధన మిచ్చుచుండగా పాలస్తీనీయులకు కృతజ్ఞత లేదనియు, సంధిసంభాషణలకు రారనియు అధ్యక్షుడు ట్రంపు బహిరంగముగా నిష్ఠురమాడెను. ఆ నెలలోనే ఇవ్వవలసిన 12.5 కోట్లలో 6 కోట్లు మాత్రము విడుదల చేసి, 6.5 కోట్లు నిలిపివేసిరి. ఆగస్టు 31న సర్వమును రద్దుచేసిరి. ఇచ్చట మనము గమనింపవలసినది మొత్తముల తగ్గుదల కాదు, కారణముగా చూపబడిన మాట. రమల్లాలోని నాయకుడు సంధికి వచ్చునో రాడో యనుదానిపై జోర్డానులోని జరాష్ శిబిరపు పసిబిడ్డ టీకా ఆధారపడవలెనని సిద్ధాంతము చేసినట్లయినది. బిడ్డకు ఆ నాయకునిపై అధికారము లేదు. ఆ నాయకుని మొండితనమునకు మాత్రము ఆ బిడ్డ జామీనుగా నిలువవలెను.

ఆ సంవత్సరము అనేక దేశములు చేయూత నిచ్చి సంస్థను నిలిపినవి. మన దేశమును తన వార్షిక విరాళమును 12.5 లక్షల డాలర్లనుండి 50 లక్షలకు పెంచినది. సౌదీ అరేబియా, కతారు, సంయుక్త అరబ్బు ఎమిరేటులు ఒక్కొక్కటి 5 కోట్ల చొప్పున నిచ్చినవి. కాని ఆ ఎమిరేటులే 2020లో ఇజ్రాయేలుతో సంబంధములు కలుపుకొన్న యేడు ఇచ్చినది సుమారు 10 లక్షలు! కావున దోషము ఒక్క అమెరికాదని చెప్పుట న్యాయము కాదు. స్వేచ్ఛావిరాళ మనునది ఎవరి చేతిలో నున్నను వారి విదేశాంగ నీతిని వెంట తెచ్చుచునే యుండును. ఒకరు శిక్షించుటకై చేయి ముడిచినచో వేరొకరు క్రొత్తస్నేహము చెడకుండుటకై ముడుతురు. ముడిచిన చేయి ఎవరిదైనను బడిలో ఉపాధ్యాయుని జీతము ఆగునది ఒక్కరీతినే.

2021లో అమెరికా విరాళము పునరుద్ధరింపబడినది. 2023 అక్టోబరు 7న హమాసు మున్నగు సాయుధులు దక్షిణ ఇజ్రాయేలుపై బడి సుమారు పండ్రెండు వందల మందిని చంపి, రెండువందల ఏబదిమందిని చెరగొనిపోయిన ఘోరము జరిగినది. దాని ననుసరించిన యుద్ధమున గాజా నేలమట్టమగుచుండగా, 2024 జనవరి 26న, అన్‌ర్వా ఉద్యోగులు పండ్రెండుగురు ఆ దాడిలో పాల్గొనిరను ఆరోపణము వెలువడెను. కొలది దినములలో పదునారు దేశములు సుమారు 45 కోట్ల డాలర్లను నిలిపివేసినవి. ఆ ఆరోపణమును తేలికగా త్రోసిపుచ్చగూడదు. అన్నము పెట్టు చేతితో ఆయుధము పట్టినవాడు తనను నమ్మిన వారందరికిని ద్రోహి. సమితి ఆంతరంగిక పర్యవేక్షణ కార్యాలయము పందొమ్మిది మందిని విచారించి, తొమ్మిదిమంది విషయమున సాక్ష్యము నిజమని తేలినచో వారు పాల్గొనియుండవచ్చునని 2024 ఆగస్టులో చెప్పినది; వారిని తొలగించిరి. మరి తొమ్మిదిమందిపై చాలిన సాక్ష్యము లేదు. ఒకనిపై ఎట్టి సాక్ష్యమును లేదు. ఫ్రాన్సు పూర్వ విదేశాంగమంత్రిణి కేథరీను కొలొన్నా జరిపిన సమీక్షయు ఇట్టిదే: తటస్థత కాపాడుటకు ఈ సంస్థలో నున్న నియమములు తత్సమానసంస్థల కంటె మిన్నయనియు, ఐనను లోపము లున్నవనియు, సంస్థ యేటేట తన ఉద్యోగుల జాబితాను ఇజ్రాయేలునకు పంపుచుండగా 2011 నుండి ఆ జాబితాపై ఎట్టి ఆక్షేపణయు రాలేదనియు పలికి, ఏబది సూచనలు చేసినది. గాజాలోనే పదమూడువేల ఉద్యోగులు గల సంస్థలో తొమ్మిదిమంది దోషమునకు వారిని దండింపవలెను, నియమములను బిగింపవలెను. అంతియే కాని ఇరువది లక్షల జనులకు ఆధారమైన వంటశాలను ఆర్పుట దండనీతిలో ఎచ్చటను లేని శిక్ష. పెక్కు దేశములు ఆ మాట గ్రహించి కొన్ని మాసములకు విరాళములను తిరిగి యిచ్చినవి; అమెరికా మాత్రము శాసనము చేసి నిషేధించి, 2025 ఫిబ్రవరిలో ఆ నిషేధమును మరల స్థిరపరచినది.

రెండవది ద్వారము. ధన మున్నను ధాన్యము చేరుటకు దారి కావలెను. 1967 జూను యుద్ధము ముగిసిన వెంటనే ఇజ్రాయేలు ప్రతినిధి మైఖేలు కోమే, సంస్థాధ్యక్షుడు లారెన్సు మిచెల్మోరు పరస్పరము లేఖలు వ్రాసికొనిరి. ఆక్రమిత ప్రాంతములలో సంస్థ పని సాగింపవచ్చునని ఆ లేఖలలోని యొప్పందము. ఆ యొప్పందము అర్ధశతాబ్దికి పైగా నిలిచినది. 2024 అక్టోబరు 28న ఇజ్రాయేలు శాసనసభయైన క్నెస్సెటు రెండు చట్టములను అత్యధికసంఖ్యతో ఆమోదించి, తన సార్వభౌమభూమిగా చెప్పుకొను తూర్పు జెరూసలేముతో సహా సంస్థ కార్యకలాపములను నిషేధించినది. తన అధికారు లెవ్వరును ఆ సంస్థతో సంబంధము పెట్టుకొనరాదని శాసించి, ఆనాటి లేఖలను రద్దుచేసినది. 2025 జనవరి 30న అవి అమలులోనికి వచ్చినవి. మే నెలలో తూర్పు జెరూసలేములోని సంస్థ బడులు మూతపడినవి. అధికారితో మాటలాడరాదన్న మాట చూచుటకు స్వల్పముగా తోచును గాని, వీసా ఇచ్చువాడు, లారీని పంపువాడు, సైనికులు కాల్పకుండునట్లు ముందుగా కబురందుకొనువాడు ఆ అధికారియే గదా! మాట తెగినచో మార్గమే తెగును.

2025 మార్చి 2 మొదలు పదునొకండు వారములు గాజాకు ధాన్యము గాని మందులు గాని పోనీయలేదు. పిమ్మట, సమితిని ప్రక్కకు నెట్టి, క్రొత్తగా స్థాపితమైన గాజా మానవతా సహాయ ప్రతిష్ఠానము అను సంస్థచే నాలుగు కేంద్రములలో మూటలు పంచింపసాగిరి. అంతకు పూర్వము సమితి నడపిన పంపిణీ స్థలములు సుమారు నాలుగువందలు. నాలుగువందలచోట్ల జనుల యొద్దకు పోయిన ధాన్యము నాలుగుచోట్ల తన యొద్దకు జనులను రప్పించుకొన్నది. ఆ కేంద్రముల చెంతను, వానికి పోవు దారులలోను వందలకొలది జనులు కాల్పులలో చనిపోయిరి. ఆగస్టు 22న అంతర్జాతీయ నిపుణులు గాజా నగరప్రాంతమున క్షామము నెలకొన్నదని ప్రకటించిరి. సహాయమును సైన్యవ్యూహమునకు అంగముగా చేసినప్పుడు ఎవనికి ఆకలియో చూచి పెట్టుట పోయి, ఎవనిని ఎచ్చటికి నడపవలెనో చూచి పెట్టుట వచ్చును.

మూడవది నామము. ఇది మిక్కిలి సూక్ష్మమైనది. 1946 జూను 1 మొదలు 1948 మే 15 వరకు పాలస్తీనాలో నివసించుచుండి, యుద్ధమువలన ఇల్లును జీవనాధారమును పోగొట్టుకొన్నవాడు ఈ సంస్థ లెక్కలో కాందిశీకుడు. పురుష కాందిశీకుల సంతతియు నమోదు కాదగినదే. నాడు స్వయముగా పారిపోయినవారిని మాత్రమే లెక్కింపవలెననియు, తక్కినవారు కాందిశీకులే కారనియు కొందరు చెప్పుదురు. ఈ సంస్థయే తరతరములకు కాందిశీకత్వమును వారసత్వముగా పంచి సమస్యను బ్రతికించుచున్నదని వారి వాదము. కాని ఇతరదేశముల కాందిశీకులను చూచు సమితి ఉన్నతాధికారి సంస్థయు, పరిష్కారము దొరకనంతవరకు బిడ్డలను తల్లిదండ్రులతో కలిపియే చూచుచున్నది. దశాబ్దములుగా వెలియైయున్న ఆఫ్ఘనుల బిడ్డలును అట్లే లెక్కింపబడుచున్నారు. పైగా 1951 నాటి కాందిశీకుల ఒడంబడిక, సమితికి చెందిన వేరొక సంస్థ సంరక్షణలో నున్నవారిని ప్రత్యేకముగా విడిచిపెట్టినది. కావున అన్‌ర్వా పట్టికనుండి పేరు కొట్టివేసినచో ఆ మనుష్యుడు పౌరుడు కాడు, స్వగృహమునకు చేరడు. రొట్టె మాత్రము పోగొట్టుకొనును. 194వ తీర్మానము పలికిన హక్కు రేషను చీటినుండి పుట్టినది కాదు గనుక చీటి చింపినంత మాత్రమున చావదు. మరణించనిదానిని పాతిపెట్టవలెనను తొందరయే ఈ వాదమునకు మూలము.

మరి చేయవలసిన దేమి? మన క్షామచరిత్ర కొంత బోధించుచున్నది. ధాత కరువు పిమ్మట 1880 నాటి క్షామవిచారణసంఘము నివేదిక ననుసరించి క్షామశాసనములు వెలసినవి. ఏ సూచనలు కనబడినప్పుడు ఏ పనులు తెరువవలెనో, ఎవనికి ఎంత కొలువవలెనో ముందుగానే వ్రాసియుంచిరి. దొర మనస్సు కరగవలెనను దుస్థితి కొంతవరకు తొలగినది. అన్‌ర్వాకును ఇట్టి మార్పే కావలెను. దాని బడులకు, వైద్యశాలలకు యేటేట కావలసిన ఎనుబది తొంబది కోట్ల డాలర్లలో ముఖ్యభాగమైనను సభ్యరాజ్యముల విధి చందాలోనికి చేర్పవలెను. దారి విషయమున నాల్గవ జెనీవా ఒడంబడిక 59వ అధికరణము, ఆక్రమితజనులకు ఆహారము చాలనప్పుడు సహాయమును అంగీకరించి సుగమము చేయుట ఆక్రమించిన రాజ్యమునకు విధి యని స్పష్టముగా చెప్పుచున్నది. 2025 అక్టోబరు 22న అంతర్జాతీయ న్యాయస్థానము అన్‌ర్వా సహాయమునకును ఈ విధి వర్తించునని అభిప్రాయము తెలిపినది.

శాసన మొక్కటియే చాలునని నేను చెప్పజాలను. 1943లో వంగదేశమున జనులు లక్షలకొలది చచ్చుచుండగా క్షామశాసనము బీరువాలో భద్రముగానే యున్నది. క్షామమని ప్రకటించుటకు ప్రభుత్వము ఒప్పుకొనలేదు. శాసనమును ప్రయోగించుమని పాలకుని నిలదీయు ప్రజాభిప్రాయము లేనిచో న్యాయమూర్తుల వాక్యము కాగితమై మిగులును. 1956 నుండి 1967 వరకు గాజాలో సమితి శాంతిసేనలో మన సైనికులు కాపలా కాచిరి. కొందరు అచ్చటనే ప్రాణములు విడిచిరి. అటువంటి సంబంధము గల దేశము తన విరాళమును ప్రతివర్షమును అనుగ్రహముగా గాక అనేక వర్షములకు ముందుగానే మాటయిచ్చి చెల్లించుటయు, విధి చందా ప్రతిపాదనను సమితిలో తానే యెత్తుకొనుటయు సముచితమని నా మనవి.

ఈ సంస్థ మూతపడవలెనని కోరువారితో నాకొక విషయమున ఏకీభావము కలదు. అది మూతపడవలసినదే. మూడు తరములు శిబిరములో పుట్టి శిబిరములో వృద్ధులగుట ఏ జాతికిని శోభ కాదు; అట్టి సంస్థ అవసర ముండుటయే లోకమునకు తలవంపు. అయితే దానిని మూయు మార్గమొక్కటియే ధర్మ్యము: 1948లో ఇచ్చిన మాటకు సంధిపత్రముచే ఏదో యొక రూపమున సమాధానము చెప్పి, ప్రతి కాందిశీకుని చేతిలో ఒక రాజ్యపు పౌరపత్రమును పెట్టి, బడులను వైద్యశాలలను ఆ రాజ్యమునకు అప్పగించి, లెక్కలు సరిచూచుకొని తాళము వేయుట. ఆ సంధి చేయుటకు శక్తిగల రాజ్యములు దానిని చేయక, దానివలన కలుగు వ్యయమును మాత్రము భరింపజాలమనుట ఋణమెగవేయుటయే యగును. నిర్ణయము చేయువరకు భత్యము చెల్లించుట, భత్యము చెల్లింపనొల్లనిచో నిర్ణయము చేయుట, ఈ రెంటిలో ఒకటి వారు ఎన్నుకొనక తప్పదు. రెంటినుండియు తప్పించుకొను మూడవ త్రోవను వారికి మనము ఈయరాదు.